గ్యాస్ కొట్టించిన ఇరవై రోజులకే మళ్ళీ వేడిగాలి: విశాఖ కార్ ఏసీ షెడ్లు రెండోసారి ఏం చేస్తాయి?

విశాఖలో మార్చి దాటిందంటే కార్ ఏసీ షెడ్ల ముందు బళ్ళు బారులు తీరతాయి. గాజువాక ఆటోనగర్ అయినా, మద్దిలపాలెం, అక్కయ్యపాలెం, ఎన్ఏడీ కొత్తరోడ్డు చుట్టుపక్కల సందులైనా అదే వరస. ఆ బారులో మొదటిసారి వచ్చిన బళ్ళతో పాటు తిరిగొచ్చిన బళ్ళు కూడా ఉంటాయి. ఇరవై రోజుల కిందట గ్యాస్ కొట్టించుకుని, నాలుగు రోజులు చలి పుట్టేంత చల్లదనం చూసి, మెల్లమెల్లగా వేడిగాలికి దిగిపోయిన బళ్ళు అవి. ఈ సమీక్ష ఆ రెండో రాక గురించి. గ్యాస్ నింపితే ఏ షెడ్డులోనైనా ఆ సాయంత్రానికి చల్లగానే ఉంటుంది కాబట్టి మొదటి రోజు చూసి షెడ్డుకి మార్కులు వేయలేం. బండి తిరిగొచ్చినప్పుడు మెకానిక్ ముందుగా గ్యాస్ సీసా అందుకుంటాడా, లీకు వెతకడానికి కూర్చుంటాడా అన్నదే చూడాలి.

కార్ ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్, దాని వేడి బయటికి వదిలే కండెన్సర్, ప్రెషరు తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వు, గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్, ఈ నాలుగింటి మధ్య మూసిన దారిలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి, కంప్రెసర్ షాఫ్టు సీలు దగ్గర ఏళ్ళ మీద కొద్దికొద్దిగా జారిపోవడం సహజమే. ఆరేడేళ్ళ బండికి మొదటిసారి గ్యాస్ తగ్గిందంటే నమ్మొచ్చు. ఇరవై రోజుల్లో పోయిందంటే మాత్రం ఎక్కడో కన్నం ఉంది, దాన్ని ఎవరూ వెతకలేదు. అలాంటప్పుడు మళ్ళీ గ్యాస్ నింపడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. అందుకే నా లెక్కలో ‘గ్యాస్ ఫిల్లింగ్’ అని ఒక్క ముక్క రాసి ఇచ్చిన బిల్లు రిపేరు బిల్లు కిందకి రాదు. లీకు ఎక్కడ దొరికింది, దాన్ని ఏం చేశారు, ఆ తర్వాత ఎన్ని గ్రాములు వేశారు, ఈ మూడూ ఉంటేనే అది రిపేరు.

మన ఊళ్ళో ఈ బాధ ఎక్కువ ఉండడానికి కారణాలు కళ్ళెదుటే ఉన్నాయి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ, భీమిలి వైపు ఆరుబయట పెట్టే బళ్ళ మీద రాత్రంతా ఉప్పు తేమ దిగుతుంది. బంపరు వెనకే ఉండే కండెన్సర్ పల్చటి అల్యూమినియంతో చేసింది. ఉప్పు, దుమ్ము కలిసి దాని రేకుల మధ్య పేరుకుంటే లోహం గుంటలు పడుతుంది. పోర్టు చుట్టుపక్కల తిరిగే బళ్ళకి బొగ్గు, ఖనిజం ధూళి అదనం. డ్యాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్ పరిస్థితి ఇంకా అధ్వానం. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కాయిల్ మీద ఎప్పుడూ నీరు కారుతూనే ఉంటుంది. క్యాబిన్ ఫిల్టరు లేకపోయినా, చిరిగిపోయినా దుమ్ము ఆ తడికి అతుక్కుని బురదవుతుంది. ఆ బురద కింద అల్యూమినియం మెల్లగా తినిపోతుంది. డ్రెయిన్ గొట్టం మూసుకుపోయి ముందు సీటు కాళ్ళ దగ్గర మ్యాటు తడుస్తున్నా పట్టించుకోని బండిలో కాయిల్ ఎక్కువకాలం బతకదు.

ఇక గేజు, అంటే గ్యాస్ ప్రెషరు చూపే మీటరు సంగతి. షెడ్డుల్లో ఎక్కువగా వినపడే మాట, “గేజు చూసి వేశాం సార్, సరిపోద్ది.” ఇంట్లో వంటగ్యాస్ బండ తలచుకోండి. బండలో ద్రవం ఉన్నంతసేపూ సగం ఉన్నా, పావు ఉన్నా లోపలి ప్రెషరు ఒక్కటే. ఎంత మిగిలిందో తెలియాలంటే ఎత్తి చూడాలి, లేదా తూచాలి. కార్ గ్యాస్ ఆర్134ఏ కూడా అంతే. ఇంజిన్ ఆపిన బండిలో 30 డిగ్రీల వేడి దగ్గర ఎక్కువ, తక్కువ ప్రెషరు వైపుల రెండు గేజులూ 97 పీఎస్ఐ (ప్రెషరు కొలత) దగ్గర నిలబడతాయి. లోపల 450 గ్రాములున్నా, 250 గ్రాములున్నా ముల్లు అక్కడే ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పటి ప్రెషర్లు జబ్బు పట్టుకోవడానికి పనికొస్తాయి తప్ప కొలతకి పనికిరావు. ఎంత గ్యాస్ పట్టాలో బానెట్ కింద స్టిక్కరు మీద గ్రాముల్లో ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి 350 నుంచి 500 గ్రాముల మధ్య పడుతుంది. కొన్ని కొత్త మోడళ్ళలో ఆర్134ఏ బదులు ఆర్1234వైఎఫ్ ఉంటుంది. ఆ రెండూ కలపకూడదు. తూకం లేకుండా వేసిన గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద బరువు పడుతుంది. యాభై గ్రాముల తేడా చిన్న కారుకి చిన్నదేం కాదు.

ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళు నాలుగు రకాలు. ఏ ఒక్క దుకాణం పేరూ చెప్పడం లేదు, తీరు గురించే మాట్లాడుతున్నాను.

కంపెనీ సర్వీస్ సెంటర్లలో కాగితం బలం ఉంటుంది. జాబ్ కార్డు, కంప్యూటర్ బిల్లు, మార్చిన పార్టుకి వారంటీ అన్నీ చేతికొస్తాయి. పాత గ్యాస్ లాగి, తూచి, వాక్యూమ్ పెట్టి (లోపలి గాలి, తేమ పంపుతో లాగేసి), మళ్ళీ గ్రాముల్లో ఎక్కించే మెషిన్ సాధారణంగా వీళ్ళ దగ్గర ఉంటుంది. ఇబ్బంది రెండోసారి మొదలవుతుంది. మీతో మాట్లాడే సర్వీస్ అడ్వైజరు వేరు, బండి కింద దూరిన టెక్నీషియన్ వేరు. రెండోసారి వెళితే కొత్త జాబ్ కార్డు తెరిచి, కొత్త ఫిర్యాదులా రాసి, కొత్త లేబర్ కలుపుతారు. కౌంటరు దగ్గరే పాత జాబ్ కార్డు నంబరు చెప్పి, ‘రిపీట్ కంప్లయింట్’ అని రాయించాలి. ఆ రెండు మాటలు పడకపోతే తర్వాత ఎంత వాదించినా లాభం లేదు. ఇంకో లోటు, వీళ్ళు చిన్న లీకుల వెంట పడరు. జాయింటులో వేసే పదుల రూపాయల రబ్బరు రింగుతో (ఓరింగు) పోయేదానికి పైపు మొత్తం, ఒక్కోసారి కండెన్సర్ మొత్తం అంచనాలో చేరుతుంది.

ఏసీ పని మాత్రమే చేసే షెడ్లు రెండో రకం. లీకు పట్టుకోవడంలో వీళ్ళలో మంచి చేయి ఉన్నవాణ్ణి మించినవాడు లేడు. అయితే బోర్డు ఒకేలా ఉన్నా లోపల రెండు జాతులున్నాయి. బండి లోపలికి ఎక్కించే ముందు షెడ్డు ఓసారి కలయజూడండి. నైట్రోజన్ సిలిండరు, దానికి రెగ్యులేటరు, గ్యాస్ తూచే ఎలక్ట్రానిక్ కాటా, సరైన వాక్యూమ్ పంపు కనిపిస్తే నిలబడొచ్చు. పాత ఫ్రిజ్ కంప్రెసరుకి గొట్టం తగిలించి దాన్నే వాక్యూమ్ పంపుగా వాడుతుంటే వెనక్కి తిప్పేయండి.

ఇంటి దగ్గరి మెకానిక్ ఏసీకి సంబంధించి బయటి పనులకి అక్కరకొస్తాడు. ఫ్యాను మోటారు, రిలే, బెల్టు, క్యాబిన్ ఫిల్టరు, డ్రెయిన్ గొట్టం శుభ్రం, ఇవన్నీ తక్కువలో నమ్మకంగా చేస్తాడు. గ్యాస్ దారి విప్పాల్సిన పని మాత్రం అతని చేత చేయించకపోవడమే ఇద్దరికీ మంచిది. ఫోన్లో బుక్ చేస్తే ఇంటికొచ్చి బండి తీసుకెళ్ళే సర్వీసులు నాలుగో రకం. బండి ఏ షెడ్డులో, ఎవరి చేతిలో పడిందో మీకు తెలియదు. తిరిగి ఫిర్యాదు చేస్తే కాల్ సెంటరుకీ షెడ్డుకీ మధ్య బంతాట. ఆయిల్ సర్వీసుకి ఫరవాలేదు, లీకు పనికి మాత్రం నేను సిఫారసు చేయను.

తిరిగి వెళ్ళే ముందు

కోపంతో బయలుదేరే ముందు ఇంటి దగ్గరే అరగంట పని ఉంది. వంటింట్లోనో ల్యాబులోనో వాడే సూది థర్మామీటరు ఒకటి కొనండి. అద్దాలన్నీ మూసి, రీసర్క్యులేషన్ నొక్కి, బ్లోయర్ రెండో నంబరులో పెట్టి, ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు నడిపి, మధ్య వెంటులో సూది పెట్టి చూడండి. విశాఖ ఎండాకాలపు తేమలో 8 నుంచి 12 డిగ్రీలు వస్తే ఏసీ బాగున్నట్టే. కాయిల్ చలువలో పెద్ద వాటా గాలిలోని తేమని నీరు చేయడానికే పోతుంది కాబట్టి పొడి ఊళ్ళలో వచ్చే అయిదు డిగ్రీలు ఇక్కడ ఆశించకూడదు. అంకె, టైము, బయటి ఉష్ణోగ్రత, ఓడోమీటరు కలిసేలా ఫొటో తీసి పెట్టుకోండి. ‘చల్లగా లేదు’ అన్న మాటని మెకానిక్ కొట్టిపారేయొచ్చు. మొన్న 9, ఈరోజు 19 అన్న ఫొటోని కొట్టిపారేయలేడు.

తర్వాత తీరు గమనించండి. మద్దిలపాలెం సిగ్నల్లో వేడిగాలి, హనుమంతవాక దాటి ఆనందపురం వైపు హైవే ఎక్కగానే చల్లగాలి వస్తుంటే గ్యాస్ జోలికి పోనక్కర్లేదు. కండెన్సర్ ఫ్యాను ఆగిపోవడమో, నెమ్మదించడమో, కండెన్సర్ రేకులు దుమ్ముతో మూసుకుపోవడమో జరిగి ఉంటుంది. బయలుదేరిన పదిహేను నిమిషాల దాకా బ్రహ్మాండంగా ఉండి, తర్వాత చల్లదనం పోయి, కాసేపు ఆపి వేస్తే మళ్ళీ వస్తుంటే లోపల తేమ మిగిలి ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచు కడుతోందని అనుమానించాలి. ఇది నేరుగా వాక్యూమ్ సరిగ్గా పెట్టకపోవడం వల్ల వచ్చేది, అంటే షెడ్డు బాధ్యత. గాలి చల్లగానే ఉండి, అరగంటకి జోరు తగ్గిపోతుంటే కాయిల్ మీద మంచు కడుతోంది, కాయిల్ చలిని కొలిచే సెన్సరు (థర్మిస్టర్) చూడాలి. రోజురోజుకీ కొంచెం కొంచెంగా చల్లదనం తగ్గుతూ వచ్చిందంటే అప్పుడు లీకు. అరకు ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఏసీ కాసేపు ఆగి మళ్ళీ రావడం మాత్రం చాలా బళ్ళలో జబ్బు కాదు. యాక్సిలరేటరు పూర్తిగా నొక్కినప్పుడు, ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు కంప్యూటరే కంప్రెసర్‌ని ఆపుతుంది. దాని మీద మెకానిక్‌తో గొడవ పెట్టుకోవడం అన్యాయం.

ఒక్క జాగ్రత్త మరవకండి. మొదటి షెడ్డు మీద విసుగుతో ఇంకో షెడ్డుకి వెళ్ళి అక్కడ పైపులు విప్పించారా, మొదటివాడి బాధ్యత అక్కడితో సరి. “ఎవడో చేయి పెట్టాడు సార్, మాకు సంబంధం లేదు” అంటాడు, ఆ మాటలో న్యాయం కూడా ఉంది. రెండో అభిప్రాయం కావాలంటే విప్పకుండా తెలుసుకోవాలి. లీక్ డిటెక్టరు తిప్పించడం, గేజులు పెట్టించడం, లీకు చోట మెరిసే యూవీ రంగు ముందే గ్యాస్ దారిలో వేసి ఉంటే యూవీ లైటు కొట్టించడం, ఇంతవరకే.

షెడ్డులో ఏం అడగాలి

గొంతు పెంచక్కర్లేదు. “అన్నా, మొన్న ఎన్ని గ్రాములు వేశారు? ఇప్పుడు లాగి తూచి చెప్పండి” అనండి చాలు. రికవరీ మెషిన్ ఉన్నచోట పాత గ్యాస్ బయటికి లాగితే ఎన్ని గ్రాములొచ్చిందో తెర మీద పడుతుంది. 450 వేసిన బండిలోంచి 20 రోజులకి 210 వచ్చిందంటే రోజుకి 12 గ్రాములు పోతోంది. అంత లీకు దాక్కోలేదు, వెతికితే దొరికి తీరుతుంది. 430 వచ్చిందంటే గ్యాస్ పోలేదు, జబ్బు వేరే చోట ఉంది. మళ్ళీ గ్యాస్ పేరు చెప్పి డబ్బు అడగడానికి వీల్లేదు. ఈ ఒక్క తూకం సగం తగువు తీర్చేస్తుంది.

తర్వాత నైట్రోజన్. ఖాళీ చేసిన లైనులోకి పొడి నైట్రోజన్ 150 పీఎస్ఐ ఎక్కించి, వాల్వు మూసి, కనీసం అరగంట ముల్లు చూడాలి. వేడి ఇంజిన్ చల్లారుతుంటే ప్రెషరు కొంచెం తగ్గడం సహజం. పది డిగ్రీలు చల్లారితే సుమారు 5 పీఎస్ఐ దిగుతుంది, అది లీకు కిందకి రాదు. అంతకి మించి దిగితే సబ్బునీళ్ళు పట్టుకుని వెతకాలి. కొన్ని షెడ్లలో నైట్రోజన్ బదులు టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ తగిలిస్తారు. మన ఊరి గాలిలో ఉన్న తేమంతా ఆ గాలితో పాటు లోపలికి పోయి, తేమ పీల్చడానికి పెట్టిన డ్రయ్యర్ బాటిల్‌ని పాడుచేస్తుంది. పైగా లోపల గ్యాస్ మిగిలి ఉన్న లైనులోకి ప్రెషరుతో గాలి కొట్టడం ప్రమాదం కూడా. అది కనిపిస్తే ఆపమనండి.

“వాక్యూమ్ పెట్టి చూశాం, నిలబడింది, లీకు లేదు” అన్నది ఇంకో జవాబు. వాక్యూమ్‌లో పైపు లోపలికీ బయటికీ తేడా 15 పీఎస్ఐ లోపే. నడుస్తున్నప్పుడు కండెన్సర్ వైపు 200 పీఎస్ఐ పైన ఉంటుంది. వాక్యూమ్ ఓరింగులని లోపలికి పీల్చి పట్టుకుంటుంది, ప్రెషర్ బయటికి తోస్తుంది. వాక్యూమ్‌లో బిగిసిపోయిన సందు ప్రెషరులో తెరుచుకోవడం మామూలే. కాబట్టి వాక్యూమ్ నిలబడడం లీకు లేదనడానికి రుజువు కాదు.

లీకు వెతకడం దగ్గరుండి చూడాల్సిన పని. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి గ్యాస్ జారే చోట ఆయిల్ చెమ్మ కూడా కనిపిస్తుంది. కండెన్సర్ మీద మిగతా అంతా పొడి దుమ్ముగా ఉండి, ఒకచోట మాత్రం పావలా బిళ్ళంత మేర దుమ్ము జిడ్డుగా, నల్లగా అతుక్కుని ఉంటే అక్కడ వేలు పెట్టి చూడండి. నైట్రోజన్ ఉండగా ఆ మచ్చ మీద చిక్కటి సబ్బునీళ్ళు పూస్తే మొదట ఏమీ కనిపించదు. నిమిషం ఆగితే ఆవగింజల్లాంటి బుడగలు ఒకదాని పక్కన ఒకటి పుట్టి, కదలకుండా తెల్లటి నురగ గుత్తి కడతాయి. పెద్ద బుడగ టప్పున పేలితే పెద్ద కన్నం. ఈ నురగ గుత్తి అయితే ఇరవై రోజుల లీకు. తొందరపడే కుర్రాడు సబ్బునీళ్ళు పూసి వెంటనే తుడిచేస్తాడు, దొరికేది కూడా జారిపోతుంది. కండెన్సర్ తర్వాత పైపుల జాయింట్లు, గ్యాస్ పట్టే చోట పిన్ వాల్వులు, కంప్రెసర్ ముందు క్లచ్ వెనక షాఫ్టు సీలు, వరసగా చూడాలి. పిన్ వాల్వు మూత ఊడి పడిపోయి, దుమ్ము పడి పిన్ సరిగా కూర్చోకపోవడం చాలా చిన్న కారణం, చాలాసార్లు చూడకుండా వదిలేసే కారణం కూడా.

బయట ఎక్కడా దొరక్కపోతే మిగిలింది కూలింగ్ కాయిల్. దానికోసం వెంటనే డ్యాష్‌బోర్డు దించనివ్వకండి. లైనులో కొంచెం ఏసీ గ్యాస్ ఉండగా ఇంజిన్, బ్లోయర్ ఆపి పదిహేను నిమిషాలు వదిలేయాలి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, కాయిల్ పెట్టె అడుగుకి దిగుతుంది. అప్పుడు ఎలక్ట్రానిక్ డిటెక్టరు ముక్కుని డ్రెయిన్ గొట్టం మూతి దగ్గర పెడితే, కాయిల్ కారుతుంటే, గొట్టం మూసుకుపోకుండా ఉంటే మోగుతుంది. మూడుసార్లు పెట్టి మూడుసార్లూ మోగితేనే కాయిల్ అని నమ్మండి. డ్యాష్‌బోర్డు దించకుండా కాయిల్ బయటికి రాని బళ్ళే ఎక్కువ. అలాంటి వాటిలో కాయిల్ ధరకి దీటుగా లేబర్ ఉంటుంది. దించి ఎక్కించాక కిరకిర శబ్దాలు, విరిగిన క్లిప్పులు, వెలగని స్విచ్చులు తిరిగి మన నెత్తినే పడతాయి. దించే ముందు ఏసీ నాబ్‌లు, మ్యూజిక్ సిస్టమ్, వార్నింగ్ లైట్లు అన్నీ పనిచేస్తున్నట్టు అరనిమిషం వీడియో తీసుకోవడం ఆ తర్వాతి వాదనలన్నిటికీ మందు.

లైను విప్పిన తర్వాత డ్రయ్యర్ మార్చాలి. దానిలోని గుళికలు తేమ పీల్చుకోవడానికే ఉన్నాయి, గంటల తరబడి తెరిచి ఉంచితే విశాఖ గాలి వాటిని నింపేస్తుంది. కొన్ని బళ్ళలో డ్రయ్యర్ కండెన్సర్‌తో కలిసే వస్తుంది. విప్పిన ప్రతి జాయింటుకీ కొత్త ఓరింగు వేయాలి, అదీ ఏసీ గ్యాస్‌కి తగిన రకం, ఎక్కువగా ఆకుపచ్చగా ఉంటుంది. ప్లంబింగ్ కొట్టులో దొరికే నల్లవి కాదు. బిగించే ముందు ఓరింగుకి ఆయిల్ రాయాలి. కండెన్సర్ మారిస్తే పాతదానితో పాటు పోయిన ఆయిల్ 20, 30 మిల్లీలీటర్లు తిరిగి పోయాలి, కంప్రెసరుకి రాసి ఉన్న రకమే పోయాలి.

వాక్యూమ్ దగ్గర విశాఖ సముద్రమట్టానికి ఉన్న ఊరు కావడం ఒక సుళువు. గేజు దాదాపు మైనస్ 30 అంగుళాల (పాదరసం కొలత) దాకా దిగాలి. 30 డిగ్రీల వేడిలో లోపలి తేమ మరిగి ఆవిరై పోవాలంటే ముల్లు 28.7 దాటి కిందికి వెళ్ళాలి. 27, 28 దగ్గర ఆగిపోయే పంపు గంటసేపు నడిచినా తేమ తీయలేదు. 29 దాటి, అక్కడే 30 నుంచి 45 నిమిషాలు నడిపి, పంపు ఆపాక పదిహేను నిమిషాలు ముల్లు కదలకుండా ఉంటే సరైన పని. పది నిమిషాల్లో వాక్యూమ్ అయిపోయిందన్నవాడు పని చేయలేదు.

రెండు పనులకి మాత్రం ఎంత తొందరున్నా ఒప్పుకోవద్దు. ఒకటి, లీకు మూసే మందు డబ్బా. అది తేమ తగిలిన చోట గట్టిపడే ద్రవం. వాక్యూమ్ సరిగా పెట్టని లైనులో పోస్తే కన్నం మూయడం అటుంచి, ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి దారిలో గడ్డకడుతుంది. తర్వాత ఏ మంచి షెడ్డూ ఆ బండికి తన మెషిన్ తగిలించడానికి ఒప్పుకోదు. రెండోది, ప్రెషర్ స్విచ్ ‘డైరెక్ట్’ చేయడం. గ్యాస్ బాగా తగ్గితే కంప్రెసర్ తిరగకుండా ఆ స్విచ్ కాపాడుతుంది. వైరు ముక్కతో దాన్ని కలిపేస్తే కంప్రెసర్ తిరుగుతుంది కానీ గ్యాస్‌తో పాటు రావాల్సిన ఆయిల్ రాదు. లోపల లోహం అరిగి, ఆ పొడి కండెన్సర్ సన్నటి గొట్టాల్లోకి పోతుంది, కడిగినా పూర్తిగా రాదు. చిన్న కారుకి రెండు వేల చుట్టుపక్కల అయ్యే గ్యాస్ పని, కంప్రెసర్, కండెన్సర్, డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు నాలుగూ మార్చే పనిగా మారిపోతుంది.

డబ్బు ఎవరు పెట్టుకోవాలి

మొదటిసారి లీకు వెతకకుండా గ్యాస్ మాత్రమే నింపి, ‘మళ్ళీ తగ్గదు’ అని చెప్పి ఉంటే రెండోసారి లేబర్, గ్యాస్ రెండూ షెడ్డువే. కొత్త పార్టు ఏదైనా మార్చాల్సి వస్తే దాని ధర బండివారిదే. అది మొదటిరోజు దొరికినా కట్టాల్సిందే కదా. వాళ్ళే బిగించిన జాయింటు, వాళ్ళే వేసిన ఓరింగు కారితే మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు. మొదటిసారి కండెన్సర్ లీకు నిజాయితీగా పట్టి, మార్చి, పరీక్షించి ఇచ్చాక, ఈసారి కూలింగ్ కాయిల్ దగ్గర బయటపడితే మాత్రం మెకానిక్‌ని నిందించకూడదు. పాత బండిలో ఒక కన్నం మూసి ప్రెషరు నిలబెట్టాక రెండో బలహీనమైన చోటు తెరుచుకోవడం నిజంగా జరిగేదే. అలాంటప్పుడు పార్టు, గ్యాస్ ఖర్చు మనం పెట్టుకుని, వాక్యూమ్, ఫిల్లింగ్ లేబర్ అతను వదులుకోవడం పెద్దమనిషి తరహా. ఇది చట్టం కాదు, కానీ ఈ లెక్క ముందుకి తెస్తే మంచి షెడ్లు కాదనవు. కొన్ని ముందుకి తేకుండానే వదులుకుంటాయి. నా దృష్టిలో ఎక్కువ మార్కులు పడేది వాళ్ళకే.

అందుకే మొదటిరోజే “లీకు చూడకుండా గ్యాస్ మాత్రమే వేస్తున్నారా?” అని అడిగి, అవునంటే బిల్లు మీద అలాగే రాయించుకోవాలి. మార్చిన పాత పార్టు వెనక్కి అడగాలి. సబ్బునీళ్ళలో నురగ వచ్చిన చోటు ఆ పాత కండెన్సర్ మీదే ఉండాలి, ఇంకో బండిది చూపిస్తే తెలిసిపోతుంది. బిల్లు అడిగితే ‘జీఎస్టీ పడుతుంది సార్’ అని చిల్లర కాగితం ఇచ్చే చోట ఆ పన్ను డబ్బు కడితేనే నయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి.

డబ్బు కట్టకపోతే బండి ఇవ్వం అంటే ఏం చేయాలన్నది చాలామంది సందేహం. చేసిన పనికి కూలి అందేదాకా వస్తువు తన దగ్గర ఉంచుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ కింద పనివాడికి ఉంది. కాబట్టి తాళం లాక్కుని గొడవ పడడం తెలివైన పని కాదు. ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని బిల్లు మీద రాసి, ఫోన్ ద్వారానో కార్డుతోనో కట్టి, అదే మాట వాట్సాప్‌లో షెడ్డుకి పంపి, బండి తెచ్చుకోండి. ఆ తర్వాత తగువు తీరుబడిగా నడపొచ్చు.

ముందు రాతపూర్వకంగా షెడ్డుకే ఒక ఉత్తరం ఇవ్వండి, తెలుగులో చాలు. తేదీలు, బిల్లు నంబరు, ఓడోమీటరు, రెండు థర్మామీటరు ఫొటోలు, కోరేది ఏమిటి, ఎన్ని రోజుల్లో, ఇంతే. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కంపెనీ సర్వీస్ సెంటర్ల విషయంలో ఇది ముందు వాడాల్సిన దారి. ఫిర్యాదు నేరుగా కార్ల కంపెనీ దాకా వెళితే కదలిక వస్తుంది. ఒంటరి షెడ్డు మీద అంత ఒత్తిడి పడదు. అప్పుడు విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫిర్యాదుకి రుసుము లేదు. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు వేయాలి. షెడ్డు ఏ ఊళ్ళో ఉన్నా మీరు ఉండే చోటి కమిషన్‌లో వేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. అక్కడ బలంగా నిలబడే కాగితం ఇంకో అర్హుడైన మెకానిక్ సంతకంతో ఇచ్చిన రిపోర్టు: ‘ఫలానా తేదీన లైను విప్పకుండా పరీక్షించాను, ఫలానా జాయింటు దగ్గర లీకు ఉంది, ఓరింగు పాతది’ అన్న మూడు ముక్కలు. సాటి షెడ్డు మీద ఇలా రాసివ్వడానికి చాలామంది జంకుతారు. జాబ్ కార్డు మీదే ‘పరిశీలనలో తేలింది’ అన్న గడిలో రాయమంటే రాస్తారు. దానికి పరీక్ష రుసుము కట్టి, నంబరుతో రసీదు తీసుకోండి.

రెండో రిపేరు అయ్యాక బండి తీసుకునేటప్పుడు కాటా మీద గ్రాముల అంకె, వాక్యూమ్ ముల్లు, నైట్రోజన్ ముల్లు మూడూ ఫొటో తీసి, యూవీ రంగు వేయించుకోండి. పదో రోజున ఒకసారి, ఇరవయ్యో రోజున ఒకసారి అదే పద్ధతిలో థర్మామీటరు పెట్టి చూడండి. రెండు అంకెల మధ్య తేడా రెండు డిగ్రీలు దాటితే, బయటి ఎండ, తేమ మొదటి కొలత రోజులాగే ఉన్నాయో లేదో చూసుకుని, చీకటి పడ్డాక షెడ్డుకి వెళ్ళి యూవీ లైటు కొట్టమనండి. పగటి వెలుగులో ఆ పసుపుపచ్చ మెరుపు సరిగా కనిపించదు.